ఎంగిలి గిన్నె

మొన్న ఆదివారం మా గుడిలో నా చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బీ పెట్టారు. బొటనవేలంత ఉంది. పైపొర చించితే కాగితం ముక్కలాంటి రొట్టె బిళ్ళ, దాని కింద ఇంకో పొర చించితే గుక్కెడు ద్రాక్షరసం. నెలకోసారి అందరం కలిసి రొట్టె తిని రసం తాగే సంస్కారాన్ని మేము ప్రభువు బల్ల అంటాం. ఆ బల్ల ఇప్పుడు డబ్బీలోకి వచ్చింది. ఎవరి డబ్బీ వారిది, ఎవరి మూతి వారిది.

"చూడండి అమ్మగారూ, ఎంత హైజీనిక్‌గా ఉందో. ఎవరి చెయ్యీ తగలదండి," అంది పంచిపెట్టే అమ్మాయి. నల్ల టీషర్టు వేసుకుంది. కోస్తా పిల్ల, మంచి పిల్లే. దాన్నేమీ అనలేదు. కానీ నాకు ఒళ్ళంతా కంపరం పుట్టింది.

గుడి అన్నాను కదా. ఈ మాటకు కూడా దిద్దుతారు నన్ను. "గుడి అనకూడదండి, చర్చ్ అనాలి," అంటారు, నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు. మా తాతలు గుడి అన్నారు, మా నాయిన గుడి అన్నాడు. పెద్ద బండల్ని పగలగొట్టి, ఆడవాళ్ళు నెత్తిన మోసుకొచ్చి కట్టుకున్నది గుడి కాకపోతే ఏమిటి? ఇప్పుడు అదే జాగాలో మూడంతస్తుల అద్దాల హాలు లేచింది. కింద కార్లు. మెట్ల దగ్గర కాఫీ మిషను, దాని పక్కన అద్దాల పెట్టెలో తళతళలాడే పాత గిన్నె. లోపల కాళ్ళు దిగబడే కార్పెట్టు, చలికి దంతాలు కొట్టుకునే ఏసీ, డబ్బాలోంచి కొట్టే మల్లెపూల వాసన. చెప్పులు విడిచి లోపలికి పోబోతే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "వేసుకో పెద్దమ్మా, ఇక్కడ విడవొద్దు," అన్నాడు. దేవుని దగ్గర చెప్పులు వేసుకోమని చెప్పడానికి ఒక మనిషికి జీతమిచ్చి పెట్టుకున్నారు.

ఆ రోజు సంఘం పుట్టిన పండుగ. నా మనవరాలు కొత్తగూడ నుంచి కారులో దింపింది. పాతవాళ్ళలో ప్రాణంతో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి రెండు మాటలు చెప్పాలని పిలిచారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. నా పక్కనే కమిటీ చైర్మన్. సిల్కు చొక్కా, చేతికి పెద్ద గడియారం. ఈయన ఒకప్పటి మా ఊరి పటేలు మనవడు. భార్య తరఫున విశ్వాసంలోకి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

ముందుగా గోడంత తెర మీద సంఘ చరిత్ర వేశారు. వయొలిన్ మోగింది, పొద్దు గుంకింది. టోపీ పెట్టుకున్న తెల్లదొర ఒకడు గుర్రం దిగాడు. పట్టుచీర కట్టుకున్న తెల్లని ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే, దొర వెండి గిన్నె ఆమె పెదవులకు అందించాడు. వెనకాల మసక వెలుతురులో నల్లటి మనుషులు కొందరు దండం పెడుతూ నిలబడ్డారు. "ఈ గడ్డ మీద మొట్టమొదట ఆ పాత్రను అందుకున్న ధన్యురాలు ఆమె," అంది గొంతు. హాలంతా చప్పట్లు. చైర్మన్ కళ్ళు తుడుచుకుని నా వైపు వంగి, "మా ఇంటి మనిషేనమ్మా. మా తాతకు మరదలు," అన్నాడు.

తెలుసు నాయనా, ఆమె మీ ఇంటి మనిషేనని నాకు తెలుసు. ఆమెను ఇంట్లోంచి తోసింది మీ తాతేనని కూడా తెలుసు. గుర్రం లేదు, దొర లేడు, పట్టుచీర లేదు, వెండి లేదు. అన్నిటికన్నా మించి, ఆమె మొట్టమొదట తాగలేదు. ఆ ఒక్క మాట కోసమే మా వాడలో ఒక వానాకాలం సాంతం నిద్రల్లేవు.

ఆ రోజుల్లో ఇక్కడ అద్దాలు లేవు, బండలుండేవి. ఏనుగంత బండలు ఒకదాని మీద ఒకటి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఊరు ఒకవైపు, మా మాదిగవాడ ఒకవైపు, మధ్యలో కుంట. వాడ చివర మా గుడి. గూన పెంకుల కప్పు, పేడతో అలికిన నేల. గుడి పక్కనే తోళ్ళు నానేసే లంద. తంగేడు చెక్క, సున్నం, పచ్చితోలు కలిసి నానితే వచ్చే వాసన గుడి కిటికీలోంచి లోపలికొచ్చి పాటలతో పాటు కూర్చునేది. మాకు అది వాసనే కాదు. ఇంటి వాసన ఎవరికి తెలుస్తుంది!

ఊరివాళ్ళు ఆ దారిన పోవలసి వస్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. కానీ వాళ్ళ బావుల్లోంచి నీళ్ళు తోడే మోటబొక్కెన మా లందలోంచే పోవాలి. ఆ తోలుబొక్కెన పోసిన నీళ్ళు వరిమడికి పారేవి, బావి దగ్గర దప్పికైతే వాళ్ళే తాగేవారు. అది మైల కాదు. మేము వాళ్ళ వాకిట్లో దాహమడిగితే మాత్రం వంగి దోసిలి పట్టాలి, చెంబు తగలకుండా పైనుంచి ధార పోసేవారు. సగం ముక్కులోకి, సగం మోచేతుల మీదుగా కడుపు మీదికి. మేకలకు నయం, తొట్టిలో మూతి పెట్టి తాగేవి.

మా నాయనమ్మను మేమందరం అవ్వ అనేవాళ్ళం. అవ్వ మంత్రసాని. ఊళ్ళో పటేళ్ళ ఇంట పుట్టిన ప్రతి తల మొదట పడింది మా అవ్వ చేతుల్లోనే. బొడ్డు కోసి, బిడ్డకు నీళ్ళు పోసి, తల్లి కడుపు పిసికి ఆమె బయటికి రాగానే వెనకాల గడప కడిగేవారు. అవ్వ ఇంటికొచ్చి బుక్కెడు తంబాకు దవడకేసుకుని, "కడుక్కోనీ. గడపకే గద మైల, బిడ్డకు లేదంట," అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. నాకు కోపమొచ్చేది. అవ్వకెందుకు రాదో అర్థమయ్యేది కాదు.

గుడి ఊడ్చేదీ అవ్వే, బల్లకు రసం చేసేదీ అవ్వే. నెలకోసారి బల్ల ఇవ్వడానికి అయ్యగారు, అంటే మా పాదిరి, సైకిలు మీద వచ్చేవారు. మాలాంటి సన్నటి నల్లటి మనిషి, తొడలకు అంటుకుపోయిన ధోవతి, సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి. సంచిలో బైబిలు, పట్నంలో కొన్న కిస్మిస్ పొట్లం, ఇత్తడి గిన్నె. ఆ గిన్నెకు అంచు దగ్గర ఒక సొట్ట ఉండేది. బండల దారిలో అయ్యగారు సైకిలుతో సహా పడ్డప్పుడు పడ్డ సొట్ట. శనివారం పొద్దుగూకే వేళ అవ్వ చింతపండు, బూడిద వేసి గిన్నె తోమేది. కిస్మిస్ నానబెట్టి, పిసికి, పలచని గుడ్డలో వడగట్టేది. మిగిలిన పిప్పి మాకు. ఆ పిప్పి కోసం మేము కొట్టుకున్న కొట్లాటలు చూస్తే ప్రభువు మళ్ళీ రావడానికి కూడా జంకేవాడు.

ఆ సంవత్సరం వానలు మొదలయ్యేవేళకు పటేలమ్మ గుడి కిటికీ కింద వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. పటేలు తమ్ముడి భార్య. మొగుడు పాము కరిచి పోయాడు. కడుపులో ఉన్న బిడ్డను మా అవ్వే తీసింది, పురిటి స్నానం కాకముందే అదీ పోయింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వాళ్ళ ఇంట్లో పొద్దున్నే ఆమె ముఖం ఎవరూ చూడకూడదు, అపశకునం. వెనకింట్లోనే పడి ఉండాలి. మా గుడిలో మొగుడు పోయిన ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడేవారు. పొలం గట్టు మీద నిలబడి ఆ పాటలు వినీ వినీ, ఒకనాడు గట్టు దిగి వచ్చింది.

మొదట్లో ఎవరికీ మింగుడు పడలేదు. మా నాయిన గుడి పెద్ద. "పటేలుకు తెలిస్తే మన వాడకు నిప్పు పెడ్తడు," అని పరేషాన్ అయ్యాడు. అవ్వ మాత్రం, "కూసోనీరా. కూసున్నోళ్ళను లేపెటందుకు గిది బస్సా?" అంది. కొన్ని వారాలకు పటేలమ్మ కిటికీ కింది నుంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. లోపల కూడా గోడకు ఆనుకుని, ఎవరి కొంగూ తగలకుండా చీర దగ్గరికి లాక్కుని కూర్చునేది. అది చూసి మాకు నవ్వు, పెద్దవాళ్ళకు ఉడుకు.

బాప్తిస్మం కుంటలో జరిగింది. దానికి ఊరు పెద్దగా లేవలేదు. నీళ్ళే కదా, ఆరిపోతాయి అనుకున్నారు. బల్ల సంగతి వేరు. బల్ల అంటే ఒక్క గిన్నె. వాడంతా మూతి పెట్టిన గిన్నె. పటేలు మా నాయినను ఊరి పంచాయితీలు జరిగే కచ్చీరు దగ్గర నిలబెట్టి చెప్పి పంపాడు: "మా మరదలు మీ పాటలు ఇంటే ఇననీ. గని మీ ఎంగిలి తాగిందంటే ఇగ మా గడప తొక్కది. జెప్పు దానికి."

ఆ కబురు వాడలోకి వచ్చిన నాటి నుంచి ఏ ఇంటి ముందు చూసినా ఇదే మాట. తాగుతుందా, తాగదా? మేము పిల్లలం దాన్ని ఆట చేశాం. చింతచెట్టు కింద బెల్లం నీళ్ళ గ్లాసు పెట్టుకుని బల్ల ఆట. నేను పటేలమ్మను. కొంగు దగ్గరికి లాక్కుని, మూతి ముడిచి, గ్లాసు అంత ఎత్తుకు లేపి నోట్లోకి ధార పోసుకున్నాను. పొలమారి ముక్కులోంచి బెల్లం నీళ్ళు వచ్చాయి. అందరం దొర్లి దొర్లి నవ్వుతుంటే అవ్వ వచ్చింది. వీపు మీద ఒకటి పడుతుందనుకున్నాను. "మూతి ముట్టకుంట తాగెటందుకు గది కల్లా?" అని మాత్రం అని, గ్లాసు తీసుకుని పోయింది.

బల్లకు ముందు శనివారం మా వాకిట్లో పంచాయితీ కూర్చుంది. అయ్యగారు మంచం మీద, మా నాయిన నేల మీద, అవ్వ రోలు దగ్గర కిస్మిస్ పిసుకుతూ. మా అమ్మ పొయ్యి మీద మక్కగట్క కలుపుతోంది. పటేలమ్మ కూడా వచ్చింది. వాకిలి చివర గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను పిప్పి కోసం అవ్వ కొంగు పట్టుకునే ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, ఒక మార్గం ఉంది. గిన్నె మొదట పటేలమ్మగారికిద్దాం. అప్పటికి ఎవరి నోరూ తగలదు కాబట్టి ఎంగిలి ప్రశ్నే రాదు. ఆ తరువాత మనందరం తీసుకుందాం."

మా నాయినకు ప్రాణం లేచొచ్చింది. "మంచిగ జెప్పిన్రు అయ్యగారూ. పటేలుకు గూడ అదే జెప్త. ఎంగిలి గాదు, ఫస్టు ఆమెనే తాగింది అంట. లేకుంటే మూతి ముట్టకుంట పైకెళ్ళి పోసుకోనిద్దాం."

అవ్వ పిసకడం ఆపింది. చేతులకు కిస్మిస్ గుజ్జు కారుతోంది.

"ఎవలకు ఫస్టు?"

"పటేలమ్మకే అవ్వా. గామె పెద్దింటామె..."

"నోర్ముయ్. బిడ్డ అడ్డం తిరిగిన్నాడు నా చెయ్యి ఆమె కడుపులకు పోయింది. అప్పుడు లేని మైల ఇప్పుడు నా మూతికొచ్చిందా? నేను బయటికి రాంగనె గడప కడిగిన్రు. ఊకున్న. ఎందుకూకున్న? అది ఊరు. ఊరంటే గట్లనే ఉంటది అనుకున్న. గిది గుడి. గిక్కడ గూడ గామెకు ఎత్తుపీట, నాకు దోసిలి అంటే, ఇగ గీ బండలెందుకు మోసిన? మా అత్త కడుపుతోని మోసింది గీ బండలు." అయ్యగారి వైపు తిరిగింది. "మీరు సదువుకున్నోళ్ళు. జెప్పున్రి. ప్రభువు గిన్నె ఇచ్చిన్నాడు మొదలు పటేలు ఎవలని అడిగిండా?"

అయ్యగారు తల దించుకున్నారు. నాయిన గొణిగాడు, "అవ్వా, గామె ఇల్లు పోతది." అది నిజం. అవ్వ చేతుల గుజ్జు కొంగుకు తుడుచుకుంది. పొయ్యి మీద గట్క బుడబుడలాడుతోంది, మా అమ్మ కలపడం మరిచిపోయింది.

అప్పుడు పటేలమ్మ మాట్లాడింది. అంతవరకు ఆమె గొంతు నేను పాటలో తప్ప వినలేదు. "ఏమే," అంది అవ్వతో. పటేళ్ళ ఇళ్ళల్లో ఎంత ముసలివాళ్ళనైనా మమ్మల్ని అట్లాగే పిలిచేవారు, ఆమెకు ఇంకో పిలుపు తెలియదు. "ఏమే, నువ్వు తాగినంకనే నాకియ్యి. ఫస్టు నాకద్దు." అనేసి, వెనక్కి తిరిగి చీకటి పడకముందే వాళ్ళ ఇంటికి పోయింది. అదే ఆ ఇంట్లో ఆమెకు ఆఖరి రాత్రి.

మర్నాడు గుడి నిండిపోయింది. బయట వాన, లోపల తడిసిన గొంగళ్ళ వాసన, లంద వాసన, ఆవిరి. పటేలమ్మ గోడ వదిలి వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. అప్పుడు కూడా చీర దగ్గరికి లాక్కునే కూర్చుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. గిన్నె ఒక్కో నోటి దగ్గరికీ వస్తోంది. ఒకరు తాగాక అయ్యగారు అంచును గుడ్డతో తుడిచి, కొంచెం తిప్పి తరువాతివారికి ఇవ్వడం మామూలు. అవ్వ ఎప్పుడూ సొట్ట దగ్గరే తాగేది, అక్కడైతే పెదవి సరిగ్గా కూర్చుంటుందనేది. నోరు ఎంత పుక్కిలించి వచ్చినా ఏళ్ళ తరబడి నమిలిన తంబాకు ఎక్కడికి పోతుంది? సొట్ట మీద గోధుమరంగు చార పడింది.

అయ్యగారు తుడవడానికి గుడ్డ తీశారు. పటేలమ్మ ఆగలేదు. చెయ్యి చాచి గిన్నె అందుకుని, తిప్పకుండా, ఆ సొట్ట మీదే, ఆ చార మీదే పెదవులు పెట్టి తాగింది. కళ్ళు మూసుకుంది. మింగడం నాకు కనబడింది.

ఆ తరువాత లేచి బయటికి నడిచింది. మొదట నడక, గుమ్మం దాటాక పరుగు. మేము పిల్లలం వెంటపడ్డాం. సీతాఫలం చెట్టు పట్టుకుని వానలో వంగి కక్కేసింది. రొట్టె, రసం, పొద్దున తిన్నదీ, అంతా. ఆగి మళ్ళీ కక్కింది. మా ఎంగిలికి ఒకామె అట్లా పేగులు బయటికొచ్చేటట్టు కక్కుతుంటే చూశాను నేను. నాకు ఆమె మీద అసహ్యం వేసింది. నా మీద నాకు కూడా వేసింది, ఎందుకో ఈనాటికీ చెప్పలేను.

వెనకాల అవ్వ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఎడమ చేత్తో ఆమె నొసలు పట్టుకుంది, కుడి చేత్తో వీపు రాసింది, పురిటి మంచం దగ్గర రాసినట్టే.

"కక్కు బిడ్డా, కక్కు. ఎన్నేండ్ల సంది కడుపుల పెట్టుకున్నవో. మొత్తం కక్కు."

పటేలమ్మ అని పిలవాల్సిన నోరు బిడ్డా అంది. ఆమె అవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, మొదటిసారి, మేము పిలిచే పిలుపే పిలిచింది. "తప్పయింది అవ్వా," అంది. "తప్పేంది? వచ్చే నెల మళ్ళ రా," అంది అవ్వ.

సాయంత్రానికి ఆమె చీరల పెట్టె వాడ మొదట్లో బురదలో పడి ఉంది. పటేలు ఇంట్లో ఆమె బతికుండగానే చావు స్నానాలు చేశారని తెలిసింది. ఆ నెలంతా ఆమె మా పంచలో పడుకుంది. విడిగా కుండ పెట్టుకుని వండుకుంది. వాడలో కొందరు మూతి తిప్పారు. "కక్కినామెకు అన్నమెందుకు?" అన్నారు. నాకూ అదే అనిపించింది. దండెం మీద ఎండుతున్న గొడ్డుమాంసం ఒట్టి తునకల వాసనకు ఆమె ముక్కు మూసుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాను.

మరుసటి నెల బల్ల నాటికి వానలు వెనకపట్టాయి, సీతాఫలాలు కళ్ళు తెరిచాయి. ఆమె మళ్ళీ అవ్వ పక్కనే కూర్చుంది, మళ్ళీ అవ్వ తాగిన సొట్ట దగ్గరే తాగింది. లేచి బయటికి రాగానే మేమందరం పొదల వెనక కాచుకున్నాం, మళ్ళీ కక్కుతుందని. చెట్టు పట్టుకుని నిలబడింది. గొంతు ఒకసారి పైకీ కిందికీ ఆడింది. కక్కలేదు. కొమ్మ మీద పండిన సీతాఫలం తెంపి, చీల్చి, సగం తిన్నది. మమ్మల్ని ముందే చూసినట్టుంది. "బయటికి రాండ్రి పోరగాండ్లూ," అని, తినగా మిగిలిన సగం నాకే ఇచ్చింది. ఆమె పళ్ళ గాట్లున్నాయి దాని మీద. తిన్నాను. ఇంకా ఆ గింజలు నోట్లో జారుతూనే ఉన్నాయి.

తరువాత గుడి వెనక గదిలో ఉండిపోయింది. ఆడపిల్లలకు పాటలు నేర్పింది, అవ్వ కళ్ళు పోయాక ఆ గిన్నె తోమింది. ఒట్టి తునకల కూర మాత్రం చచ్చేదాకా ముట్టలేదు, అవ్వ కూడా ఎన్నడూ పెట్టలేదు. "నోటిది నోటికి, గుడిది గుడికి," అనేది. ఇద్దరినీ గుడి వెనకే పక్కపక్కన పూడ్చాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ జాగా పోయింది.

ఇదీ సంఘ చరిత్ర. తెర మీద వయొలిన్ ఆగింది. యాంకరమ్మాయి మైకు నా చేతికిచ్చి, "రెండు నిమిషాలేనండి అమ్మగారూ," అంది.

నిలబడ్డాను. "గామె మొదలు తాగలె," అన్నాను. "మొదలు తాగింది మా అవ్వ. మాదిగ మంత్రసాని. గామె తాగిన జాగల మూతి పెట్టి తాగింది పటేలమ్మ. తాగి, బయటికి పోయి కక్కింది. కక్కి, మళ్ళ వచ్చింది. దొర లేడు. ఆ బయట అద్దాల పెట్టెల పెట్టిన గిన్నె వెండిది గాదు, ఇత్తడిది. దానికి సొట్ట ఉండె. మీరు సొట్ట తీపిచ్చి, వెండి పూత పూసిన్రు."

ఇంకా చెప్పేదాన్నే. వెనకనుంచి కీబోర్డు మెల్లగా మొదలైంది. ఎవరో "ఆమెన్" అన్నారు. యాంకరమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "వావ్, ఎంత అద్భుతమైన సాక్ష్యం! పెద్దలకు గట్టిగా చప్పట్లు కొట్టండి," అంది. కొట్టారు. నేను చెప్పినదానికే కొట్టారు, తెర మీది అబద్ధానికి కొట్టినంత గట్టిగానే. ఒక్క ముఖంలో కూడా ఇబ్బంది లేదు. ఉమ్మేయాలనిపించింది, కింద కార్పెట్టు ఉంది.

చైర్మన్ కూడా కొట్టాడు. నేను కూర్చోగానే, "కక్కిన సంగతి మాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదమ్మా," అని నవ్వాడు. "పాతకాలం కదా. ఇప్పుడు అలాంటివేవీ లేవు."

అప్పుడే డబ్బీలు పంచారు. నా మనవరాలు "ఇటియ్యి నానమ్మా, నేను తెరుస్తా," అంది. ఇవ్వలేదు. గోళ్ళతో గీకి గీకి నేనే తెరిచాను. రొట్టె బిళ్ళ తిన్నాను. రసం సగం తాగాను. మిగిలిన సగం చైర్మన్ ముందుకు చాచాను.

"తాగు బిడ్డా," అన్నాను.

ఆయనకు అర్థమైంది. మొద్దు కాదు. డబ్బీ అంచు మీద నా పెదవి తడి చూశాడు, నా ముఖం చూశాడు. రెండు చేతులూ జోడించి, నా చేతిని మెల్లగా నా వైపే నెట్టి, "అయ్యో, మీరు తీసుకోండమ్మా. నాకు నాది ఉంది కదా," అన్నాడు, ఎంతో ప్రేమగా. తన డబ్బీ పొర చించి గుటుక్కున తాగాడు. ఆ తరువాత అటు తిరిగి, జేబులోంచి చిన్న సీసా తీసి, చేతులు రుద్దుకున్నాడు. నాకు కనబడకూడదనే అటు తిరిగాడు. మర్యాదస్తుడని చెప్పాను కదా.

పటేలమ్మ కక్కింది, మా అవ్వ ఆమె నొసలు పట్టుకుంది. ఈయన కక్కితే నేనూ పట్టుకునేదాన్ని. ఈయనకు కక్కు కూడా రాలేదు.

మనవరాలు నా మోచెయ్యి గిల్లుతోంది, అందరూ చూస్తున్నారని. చేతిలో సగం డబ్బీ అట్లాగే ఉంది. నేనే తాగేశాను. చల్లగా, తియ్యగానే ఉంది. దాని మీద నా ఎంగిలి తప్ప ఇంకెవరి ఎంగిలీ లేదు.